రంగు పైన కాదు, లోపల

పోయిన నెల సంచికలో సిలికాన్ అనే రబ్బరులాంటి మెత్తని పదార్థంతో చేసే పెట్టుడు వేళ్ళ గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు నా బల్ల మీద ఒక దొంతర అయ్యాయి. అన్నిటికీ ఇక్కడ జవాబు రాయలేను కనక ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరాను. కొత్తగా చదివేవారికి ఒక్క మాట. నేను విజయవాడలో 24 ఏళ్ళుగా కృత్రిమ చేతులకు, కాళ్ళకు, వేళ్ళకు చర్మంలా కనిపించే తొడుగులు చేస్తున్నాను. అంతకు ముందు ఒక డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేసేదాన్ని. మిగిలిన కాలో చెయ్యో దూరే గిన్నెని సాకెట్ అంటారు. అది చెయ్యడం, కాలు అమర్చి నడిపించడం ప్రోస్థటిస్టుల పని. వాళ్ళు నిలబెట్టిన మనిషికి పైపొర వెయ్యడం నా పని.

ప్రశ్న: మూడేళ్ళ కిందట గడ్డి కోసే మిషన్‌లో పడి నా కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయింది. పోయిన ఏడాది పెట్టుడు చెయ్యి, దాని మీదకి ఒక గ్లవ్ ఇచ్చారు. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు వేళ్ళకి పసుపు పట్టేసింది, అరచెయ్యి నల్లబడింది, బొటనవేలి సందులో చీలింది. సబ్బు, నిమ్మకాయ, కిరసనాయిలు అన్నీ అయ్యాయి. చుట్టాలింటికి వెళ్ళాలంటే కొంగు కప్పుకుని వెళ్తున్నాను.
ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ కిరసనాయిలు ఆపండి. మీరు రాసినదాన్ని బట్టి అది పీవీసీ గ్లవ్. పీవీసీ అసలు గట్టి పదార్థం, నీళ్ళ పైపులు చేసేది దాంతోనే. చర్మంలా మెత్తగా ఉండడానికి అందులో నూనెలాంటి ద్రవం ఒకటి కలుపుతారు, ప్లాస్టిసైజర్ అంటారు. అది లోపల కుదురుగా ఉండదు, నెమ్మదిగా పైకి ఊరుతూ ఉంటుంది. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ చూస్తే నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఇక చెప్పేదేముంది? పీవీసీకి పసుపంటితే మరిగే పోపులో పసుపు వేసినట్టే, మొత్తం తాగేస్తుంది. సబ్బు పైన ఉన్న మురికిని తీస్తుంది గానీ లోపలికి దిగినదాన్ని తియ్యలేదు. పేపరు సిరా, కొత్త చీర వదిలే రంగు, తలకేసుకునే రంగు కూడా ఇలాగే దిగిపోతాయి. కిరసనాయిలు, థిన్నర్, పెట్రోలు మరక తియ్యకపోగా ఆ మెత్తనిచ్చే ద్రవాన్నే లాగేస్తాయి. గ్లవ్ బిర్రబిగుసుకుని మడత పడేచోట పగులుతుంది. బొటనవేలి సందు చీలడానికి సగం కారణం అదే అయ్యుంటుంది.

పసుపు మరక ఎండకి పోతుందని మీకూ తెలుసు, పంచెల మీద చూస్తూనే ఉంటాం. కానీ పీవీసీని ఎండలో పెడితే మరకకంటే ముందు గ్లవ్ పోతుంది. నిజం చెప్పాలంటే దాని ఆయుష్షు అయిపోయింది. మన వంటిళ్ళలో, మన ఎండల్లో పీవీసీ గ్లవ్ ఆరు నుంచి ఎనిమిది నెలలు ఉంటే బాగా ఉన్నట్టే లెక్క. ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం వల్ల తప్పు తమదేనని మీలాంటివాళ్ళు కుమిలిపోతారు. మీ తప్పేమీ లేదు.

ఈసారి వీలైతే సిలికాన్‌ది చేయించుకోండి. ధర చాలా ఎక్కువ, అది దాచను. అందుకే వంట చేసేవాళ్ళకి నేను చెప్పే పద్ధతి ఒకటుంది: ఇంటిపనికి చవక పీవీసీ, అదీ పైన గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్ తొడుక్కుని; బయటికి వెళ్ళేటప్పుడు సిలికాన్. సిలికాన్ పసుపుని అంతగా తాగదు. కొద్దిగా పట్టినా సబ్బుతో కడిగి పొద్దుటి ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. ఆ మాత్రం ఎండని సిలికాన్ తట్టుకుంటుంది.

సిలికాన్‌కీ ఒక బలహీనత ఉంది. సాగుతుంది, వంగుతుంది, కానీ ఒకచోట గాటు పడిందా, ఆ గాటు పాకుతుంది. మొదట చీలేది మీరు చెప్పిన సందులోనే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. అక్కడ పొరల మధ్యలో సన్నని నైలాన్ జాలీ వేసి పొయ్యమని చేసేవారిని అడగండి. బయటికి కనిపించదు, చీలికని ఆపుతుంది. చిన్న చీలిక కనపడగానే పట్టుకెళ్ళండి. ఇంట్లో ఫెవిక్విక్ రాయకండి. సిలికాన్‌కి సిలికాన్ తప్ప ఇంకేదీ అతుక్కోదు. మీరు రాసిన జిగురంతా గీకి తీశాకే నేను అతకగలను, అప్పటికి చీలిక రెండింతలవుతుంది.

ప్రశ్న: ప్రెస్ మిషన్‌లో నా ఎడమ చేతి ఉంగరపు వేలు, మధ్యవేలు సగం పోయినాయి. ఫోటో పంపితే వేళ్ళు చేసి కొరియర్ చేసేవాళ్ళ దగ్గర తెప్పించుకున్న. రూములో ట్యూబ్‌లైట్ కింద చూస్తే మంచిగ కలిసినయి. బస్సెక్కినంక కిటికీ దగ్గర చూస్తే ఆకుపచ్చగ కొడుతున్నయి. నా కండ్లకే అట్ల కనిపిస్తుందా? మీరు కూడా ఫోటో చూసి చేస్తారా?
ఒక కార్మికుడు, బాలానగర్

జవాబు: తమ్ముడూ, మీ కళ్ళు బాగానే ఉన్నాయి. మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగండి. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ చీర మీద పెట్టుకుని ఎందుకు వీధిలోకి వచ్చి చూస్తారో చెబుతారు. దుకాణం దీపం కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఎండలోకి రాగానే వేరైపోతాయి. చర్మానికి రంగు మెలనిన్ వల్ల, నెత్తురు వల్ల వస్తుంది. సిలికాన్‌లో కలిపేది ఇనుము ఆక్సైడ్ పొడులూ మరికొన్ని రంగులూ. ఏ దీపపు వెలుతురులో ఏ రంగు పాలు ఎంత ఉందో దాన్ని బట్టి ఈ రెండూ వేరువేరుగా వెనక్కి కొడతాయి. ఒక్క దీపం కింద కలిపిన రంగుకి ఆ ఒక్క దీపం కిందే పూచీ. ఫోన్ ఫోటో సంగతి ఇక చెప్పక్కర్లేదు, కెమెరా తనకి నచ్చిన రంగు తను వేసుకుంటుంది.

అందుకే నేను ఫోటో చూసి చెయ్యను. మనిషిని ఉత్తరం వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుంటాను, పొద్దున పది గంటలప్పుడు. అక్కడ కలిపాక ట్యూబ్‌లైట్ కింద, తర్వాత పసుపు బల్బు కింద, చివరికి గుమ్మం బయట ఎండలో చూస్తాను. అన్నిచోట్లా అచ్చంగా కలిసే రంగు ఉండదు. ఎక్కడా పొడుచుకు కనపడనిదాన్ని ఎంచుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం అన్నా కోల్‌మన్ లాడ్ అనే అమెరికన్ శిల్పి 1917 చివర్లో పారిస్‌లో ఒక స్టూడియో తెరిచింది. పల్చటి రాగి రేకుతో ముఖానికి తొడుగులు చేసి, మనిషి దాన్ని పెట్టుకుని ఉండగానే రంగు వేసేది. ముసురు పట్టిన రోజుకీ ఎండ కాసిన రోజుకీ మధ్యస్థంగా ఉండే ఛాయ ఎంచుకునేదట. నూరేళ్ళు దాటినా నేను చేసేదీ అదే.

మీ వేళ్ళు ఆకుపచ్చగా కొట్టడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఒకటే రంగు కలిపి అచ్చులో పోసేసి ఉంటారు. మా నాన్న గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసేవారు. ఇరవై అడుగుల ముఖానికి ఆయన ముందు వేసేది నీలం, ఆ పైన కుంకుమ ఎరుపు, ఆ తర్వాతే గోధుమ. దగ్గర్నించి చూస్తే భయం వేసేది, రోడ్డు అవతల్నించి చూస్తే ఊపిరి పీల్చే మనిషి. “చర్మం రంగు డబ్బాలో దొరకదే అమ్మాయ్, లోపల్నించి రావాలి” అనేవారు. సిలికాన్‌తో పని మొదలుపెట్టాక ఆ మాట ఎంత నిజమో తెలిసింది.

పని ఎలా సాగుతుందంటే, ముందు మీ రెండు చేతులకీ అచ్చు తీస్తాం, పళ్ళ డాక్టర్లు కొలత తీసే ఆల్జినేట్‌తోనే. రెండో చేతి వేళ్ళు చూసుకుంటూ మైనంతో వేలు చెక్కుతాం. గీతలు, గోరు మొదట్లో ఉండే మడత, కణుపుల మీది ముడతలు అన్నీ మైనం మీదే పడాలి. దాన్ని నీళ్ళు కలిపితే గట్టిపడే రాతిపొడిలో పూడ్చి మైనం కరిగించి తీసేస్తే గుల్ల అచ్చు మిగులుతుంది. రంగు పని అక్కణ్నించే. గాజుపలక వెనకనుంచి బొమ్మ వేసేవాళ్ళని చూశారా? కంటిపాప, నగల చుక్కలు ముందు వేసి, ముఖం రంగు చివర వేస్తారు. మాదీ అంతే. అచ్చు గోడకి ముందు రంగు దాదాపు లేని పల్చటి సిలికాన్ పొర. దాని వెనక పుట్టుమచ్చలు, మరకలు. తర్వాత గోధుమ, కణుపుల దగ్గర ముదురు, వేలి చివర ఎరుపు. సన్నని నెత్తురు గీతల కోసం నూలు దుమ్ములాంటి ఎర్రటి పీచు చల్లుతాం. అన్నిటికన్నా వెనక చిక్కటి మూలరంగు.

ఇక్కడ మనవాళ్ళ చర్మం గురించి ఒకటి చెప్పాలి. బయటి దేశాల నుంచి వచ్చే రెడీమేడ్ గ్లవ్‌లలో కణుపులు గులాబీరంగులో ఉంటాయి, అక్కడి చర్మం అలా ఉంటుంది కనక. మన చామనఛాయ చేతికి కణుపులు చుట్టూ ఉన్న చర్మంకంటే నల్లగా ఉంటాయి, అరచెయ్యి తెలుపు, వేలి పక్కన ఆ రెండూ కలిసే గీత స్పష్టంగా ఉంటుంది. మీ చెయ్యి తిప్పి చూసుకోండి. ఆ గీత లేని తొడుగు ఎంత ఖరీదైనదైనా మనకి బొమ్మ చెయ్యిలానే ఉంటుంది. రంగుల నమూనా పుస్తకంలో ఇచ్చిన నంబరు చెప్పి రంగు తెప్పించే పద్ధతి మీద నాకు మొదట్నించీ నమ్మకం లేనిది ఇందుకే.

ఎంతకాలం ఉంటుందన్నదీ ఈ రంగు దగ్గరే తేలుతుంది. వేలు తయారయ్యాక పైన రంగు పూస్తే పని సులువు, ఇచ్చిన రోజు కళ్ళకి బాగానే ఉంటుంది. రెండు నెలలు జేబులో చెయ్యి పెట్టి తీసినా, బండి హ్యాండిల్ పట్టుకున్నా రంగు పోయి కింది తెలుపు తేలుతుంది. పొరల మధ్య ఉన్న రంగుని రుద్ది తియ్యలేరు. సిలికాన్ ఉన్నన్నాళ్ళూ అదీ ఉంటుంది. సహజంగా కనిపించాలన్నా, గట్టిగా మన్నాలన్నా దారి ఒకటే, రంగు లోపల ఉండాలి. చేసేవారిని మీరు అడగాల్సింది “రంగు పైన వేస్తారా, పొరల్లో వేస్తారా” అని. పైన చిన్న సవరణలు ఎవరమైనా చేస్తాం, దాని మీద మళ్ళీ పల్చటి సిలికాన్ పొర కప్పాలి.

వేలు నిలవడానికి జిగురు అక్కర్లేదు. వేలి మొదలు కొంత మిగిలి ఉంటే చాలు. ఆ మొదలు అచ్చుని మిల్లీమీటరు మేర గీకి, లోపలి గుల్ల కాస్త బిగువుగా వచ్చేలా చేస్తాం, గాలి పోయి పట్టుకుంటుంది. అంచు కాగితంకన్నా పల్చగా ఉండాలి. ఉంగరపు వేలికి ఉంగరం పెడితే ఆ అంచు మీద పడి అసలు తెలియదు. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను, ఆ వేలితో ఫోన్ తెర పనిచెయ్యదు.

ప్రశ్న: మోకాలి కింద కాలు తీసేశారు. లోపల గొట్టం, దాని మీద స్పాంజిలాంటి ఫోమ్, ఆ పైన మేజోడు ఉన్న కాలు ఇచ్చారు. చూడ్డానికి చక్కగా పిక్క కూడా ఉంది. నాకు రెండెకరాల వరి పొలం. నారుమడిలో దిగితే ఫోమ్ నీళ్ళు పీల్చి బరువెక్కుతోంది, రాత్రికి వాసన. చీలమండ దగ్గర చిరిగింది. వాటర్‌ప్రూఫ్ తొడుగు ఏదైనా ఉందా?
ఒక రైతు, అవనిగడ్డ

జవాబు: అన్నయ్యా, ఉందని చెప్పి మీ చేత డబ్బు ఖర్చు పెట్టించగలను. ఫోమ్ మీద సాగే తొడుగులు, పిచికారీ చేసే పూతలు ఉన్నాయి. ఊళ్ళో తిరిగేవారికి, ఆఫీసుకి వెళ్ళేవారికి బాగా పనికొస్తాయి. బురదలో రోజూ దిగే కాలికి అవి ఆగవు. చీలమండ వంగినప్పుడల్లా అక్కడ ఫోమ్ నలుగుతుంది, ఎక్కడో సూది మొనంత చిరుగు పడుతుంది, నీళ్ళు లోపలికి వెళ్ళాక బయటికి రావు. లోపలి బోల్టులు తుప్పు పడతాయి, వాసన దాన్నించే. మోకాలి పైన తీసేసినవారికైతే ఇంకా కష్టం. కూర్చున్నప్పుడల్లా ఫోమ్ మోకాలి ముందు బిగుసుకుని, వెనక నలిగి, కాలు వంగడానికే అడ్డుపడుతుంది.

మీ పనికి జైపూర్ కాలు అడగండి. దాని కథ నాకు చాలా ఇష్టం, చెప్పకుండా ఉండలేను. 1960ల చివర జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేథీ ఎముకల డాక్టరు, రామచంద్ర శర్మ చేతిపనులు నేర్పే శిల్పి. పెద్దగా చదువుకోని ఆ శర్మ గారిని అందరూ మాస్టర్‌జీ అనేవారు. అప్పట్లో విదేశీ పద్ధతిలో ఇచ్చే పాదానికి బూటు తప్పనిసరి. మన రైతు బూటేసుకుని మడిలో దిగడు, గుళ్ళోకి వెళ్ళడు, బాసిపట్టు వేసుకుని అన్నం తినలేడు. ఇచ్చిన కాళ్ళు మూలన పడుతున్నాయని వాళ్ళు గమనించారు. అరిగిన టైరుకి కొత్త రబ్బరు వేసేచోట (రీట్రేడింగ్ అంటారు) మాస్టర్‌జీకి ఆలోచన తట్టిందని చెబుతారు. లోపల చెక్క, మెత్తని స్పాంజి రబ్బరు దిమ్మలు పెట్టి, బయట చర్మం రంగు రబ్బరు చుట్టి, పాదం ఆకారపు అచ్చులో బిగించి ఉడికిస్తారు. రబ్బరుకి గంధకంతో బలం వస్తుంది, టైరుకి వచ్చినట్టే. వేళ్ళు, గోళ్ళ గుర్తులు అచ్చులోనే పడతాయి. రంగు రబ్బరులోనే కలిసి ఉంటుంది, మళ్ళీ అదే మాట, లోపల. చర్మంలా కనిపించేదీ, రాయీ ముల్లూ నీళ్ళూ తట్టుకునేదీ ఒకే పొర. 1975లో డి.ఆర్. మెహతా గారు పెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ద్వారా ఈ కాలు ఉచితంగా లక్షలమందికి చేరింది. సేథీ గారికి 1981లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మాస్టర్‌జీ పేరు అంతగా బయటికి రాలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ పాదం మీది కాలు హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని వేడిచేసి సాగదీసి చేస్తారు. గట్టిది, నీళ్ళు పీల్చదు, కడిగితే అయిపోయింది. పిక్క ఆకారం ఫోమ్ అంత బాగా రాదు, ఆ లోటు ఒప్పుకోవాలి. ఇప్పుడున్న కాలుని పారెయ్యకండి. ఫోమ్ పూర్తిగా ఆరబెట్టించి, కొత్త మేజోడు వేయించుకుని పెళ్ళిళ్ళకీ తిరణాళ్ళకీ ఉంచుకోండి. పొలం నుంచి రాగానే రబ్బరు పాదాన్ని కడిగి నీడలో ఆరబెట్టండి. మడమ పక్కన, వేళ్ళ వంపు దగ్గర పగుళ్ళు వస్తున్నాయేమో వారానికోసారి చూసుకోండి. షుగరు ఉంటే ఆ రెండో కాలిని రోజూ చూసుకోండి, దానికి చేసిపెట్టే తొడుగు నా దగ్గర లేదు.

ప్రశ్న: సిలికాన్ తొడుగుకి వేడి తగిలితే ఏమవుతుంది? మా అమ్మగారు పొయ్యి దగ్గర ఉంటారు.
ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: సిలికాన్ దాదాపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పీవీసీ అంతకు చాలా ముందే మెత్తబడి ఆకారం పోతుంది. అసలు భయం అది కాదు. తొడుగుకి స్పర్శ లేదు కనక అమ్మగారికి తగిలిన సంగతి తెలియదు, పక్కనున్న చీర కొంగు అంటుకున్నా ఆలస్యంగా తెలుస్తుంది. పొయ్యి వైపు మంచి చెయ్యి ఉండేలా నిలబడడం అలవాటు చెయ్యండి. మగవాళ్ళకైతే బండి సైలెన్సర్. కాళ్ళ తొడుగులు ఎక్కువగా మాడిపోయి నా దగ్గరికి వచ్చేది అది తగిలే.

ప్రశ్న: నాకు కార్బన్ ఫైబర్ పాదం ఉంది, రాడ్డు బయటికి కనపడుతుంది, నాకు అలాగే ఇష్టం. ఇంట్లో మాత్రం తొడుగు వేయించుకోమని పోరు. మీరేమంటారు?
ఒక డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వేయించుకోకు తల్లీ. నీ కాలు నీది, ఇష్టం నీది. తొడుగు చేసి బతికేదాన్ని కనక అందరికీ కావాలంటానని అనుకోకు. కానీ కావాలనేవాళ్ళని చిన్నచూపు చూడకు, అది మాత్రం అడుగుతున్నాను. సిగ్గుపడి దాచుకోవడానికి వచ్చేవారు నా దగ్గర తక్కువ. రోజుకి పదిసార్లు “ఎలా పోయింది? ఎప్పుడు పోయింది?” అని బస్సులో, కిరాణా కొట్లో, బ్యాంకు లైన్లో అడిగేవాళ్ళకి జవాబు చెప్పి చెప్పి విసిగిపోయి వచ్చేవారే ఎక్కువ. ఒక టీచరమ్మ బస్సులో చేతి తొడుగు వేసుకుంటారు, క్లాసులోకి వెళ్ళగానే తీసి బల్ల మీద పెడతారు. పిల్లలందరికీ తెలుసు, అక్కడ అడిగేవాళ్ళు లేరు. మీ ఇంటివాళ్ళు కూడా బహుశా ఆ ప్రశ్నలనే భయపడుతున్నారు. ఒకసారి కూర్చోబెట్టి అడుగు.

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడ? ఇంట్లో సిలికాన్ తెచ్చి ప్రయత్నించాను, రెండు రోజులైనా పైన జిగట పోలేదు.
ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: బాబూ, చేతికి లేటెక్స్ గ్లవ్స్, అంటే రబ్బరు పాలతో చేసేవి, వేసుకుని కలిపావా? నేనూ ఒకసారి అదే చేశాను. ప్లాటినంతో గట్టిపడే సిలికాన్‌కి గంధకం విషం, లేటెక్స్‌లో అది ఉంటుంది. గ్లవ్స్‌తో తాకిన గిన్నె తగిలినా చాలు, ఆ పొర ఎప్పటికీ గట్టిపడదు. నాకు ఆ సంగతి తెలియని రోజుల్లో ఒకాయన చేతి తొడుగు అచ్చులోంచి తీస్తే పైనంతా బంకలా ఉంది. రెండు వారాల పని. ఆ శుక్రవారం ఆయన కూతురి నిశ్చితార్థం. ఆయన ఖాళీ చేతిని జేబులో పెట్టుకుని నిలబడ్డ ఫోటో తర్వాత చూశాను, ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. అప్పటినుంచి నా గదిలోకి లేటెక్స్ రానివ్వను, నైట్రైల్ అనే వేరే రకం రబ్బరు గ్లవ్స్ మాత్రమే. బొమ్మలు చేసే కొన్ని రకాల మట్టిముద్దల్లో కూడా గంధకం ఉంటుంది, నీ అచ్చు దేంతో చేశావో చూసుకో.

మనిషికి కాలో చెయ్యో అమర్చాలంటే ప్రోస్థటిక్స్ (కృత్రిమ అవయవాలు), ఆర్థోటిక్స్ (అవయవాలకు ఊతమిచ్చే పట్టీలు) డిగ్రీ ఉండాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. కటక్ దగ్గర ఓలత్‌పూర్‌లోనూ, కోల్‌కతాలోనూ కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. నీకు చెక్కడం, రంగు వచ్చు కనక, అలా చదువుకున్నవారి పక్కన పని నేర్చుకోవడం కూడా మంచి దారే. రోజుకో చెయ్యి గియ్యి. బస్టాండులో, బడ్డీకొట్టు దగ్గర, ఏ రంగు ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతోందో చూడు.

ప్రశ్న: మా పెద్ద పాపకు ఎడమ చెయ్యి పుట్టుకతోనే మణికట్టు కింద లేదు. ఎన్నడూ దేనికీ తక్కువ చేసుకోలేదు, బ్యాంకుల నౌకరి చేస్తున్నది. మాఘమాసంల పెండ్లి. పిల్లగానికి అన్నీ తెలుసు. పాప ఒకటే అడుగుతున్నది, రెండు చేతులకు గోరింటాకు కావాలె, రెండు చేతుల నిండ గాజులు కావాలె అని. సిలికాన్ చేతికి గోరింటాకు పండుతదా?
ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: అన్నయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. గోరింటాకు పండదు. ఆకులో ఉండే రంగు మన చర్మంలో, గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, అందుకే కడిగినా పోదు. సిలికాన్‌లో కెరాటిన్ లేదు. ముద్ద పెడితే ఎండి రాలిపోయి, కింద అక్కడక్కడ నారింజ మరక మిగులుతుంది, అంతే.

కానీ పండినట్టు చెయ్యొచ్చు. అమ్మాయికి చెల్లెలు ఉందేమో చూడండి, చెయ్యి కొలతలో దగ్గరగా ఉంటే ఆమె ఎడమ చేతికే అచ్చు తీద్దాం. కుడి చేతిని చూసి అద్దంలోలా తిప్పి చెక్కేదానికన్నా అది ప్రాణంగా ఉంటుంది. ఆ అచ్చులోంచి రెండు తొడుగులు తీస్తాం. ఒకటి మామూలుది, రోజూ బ్యాంకుకి వేసుకోవడానికి. రెండోది పెళ్ళిది. పని అంతా అచ్చులో, రంగు కలపడంలో ఉంటుంది కనక రెండోదానికి ఖర్చు సగం కూడా కాదు. గోరింటాకు పెట్టే అమ్మాయి చేత కుడి చేతికి వేసే డిజైన్‌ని ముందే కాగితం మీద గీయించి పంపండి. వేలికొసలకి ముదురుగా, అరచేతిలో కాస్త లేతగా, పండిన చేతిని చూసి నేను సన్నని కుంచెతో సిలికాన్ రంగుతోనే వేసి పైన పల్చటి పొర కప్పుతాను. పెళ్ళయ్యాక రెండు మూడు వారాలకి కుడి చేతి గోరింటాకు వెలుస్తుంది కదా, అప్పుడు పెళ్ళి తొడుగు తీసి పెట్టెలో పెట్టుకుని మామూలుది వేసుకుంటుంది.

గాజుల విషయంలో జాగ్రత్త. మట్టిగాజు పగిలితే దాని అంచు సిలికాన్‌ని కోస్తుంది. ఎడమ చేతికి ఒక సైజు పెద్దవి తీసుకోండి, తొడిగేటప్పుడు తొడుగు మీద ముందు పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, గాజులు ఎక్కాక లాగేయండి. కొత్త పట్టుచీర రంగు వదులుతుందేమో తడిగుడ్డతో ముందే రుద్ది చూడండి. తీసిన తొడుగుని న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, తెల్లని పాత పంచె గుడ్డలో చుట్టండి.

మాఘం అంటే మీరు కార్తీకంలోనే రావాలి. కొలతకి ఒకసారి, రంగుకి ఒకసారి, తొడిగి చూడడానికి ఒకసారి, మూడుసార్లు తిరగాల్సి ఉంటుంది. రంగు చూసే రోజు అమ్మాయి ముఖానికీ చేతికీ ఏ క్రీమూ రాసుకోకుండా రావాలి. తలంబ్రాల పసుపు అంటుతుందని ఎవరైనా భయపెడితే వినకండి, రెండు చేతులా పోసుకోమనండి. మర్నాడు సబ్బుతో కడిగి రెండు రోజులు పొద్దుటి ఎండలో పెడితే పోతుంది.